కుండీ మార్చాక ఆర్కిడ్‌కి కొత్త వేళ్లు వచ్చేదాకా: హైదరాబాద్ ఫ్లాటులో నా అనుభవం

ఆర్కిడ్ కుండీ మార్చడం అరగంట పని. ఆ తర్వాత వచ్చే రెండు నెలలే కష్టం. నర్సరీల్లో ఎక్కువగా అమ్మే ఆర్కిడ్ రకం ఫెలనాప్సిస్‌ని ఎంత మెల్లగా తీసినా కొన్ని వేళ్లు విరుగుతాయి. విరగని వాటిల్లోనూ కొన్ని, కొత్త కుండీలో నాలుగైదు వారాలకి మెత్తబడి పోతాయి. అందులో మన తప్పు పెద్దగా ఉండదు. తడి మాస్‌లో (కుండీల్లో నింపే ఒక రకం నాచు) పుట్టిన వేరు ఆ తడికి తగ్గట్టే తయారవుతుంది. దాన్ని తెచ్చి గాలాడే బెరడు ముక్కల్లో పెడితే ఎండుతుంది. బెరడులో పెరిగిన వేరుని తడి మాస్‌లో కుక్కితే కుళ్లుతుంది. అందుకే పాత వేళ్ల మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోను. అవి మొక్కని రెండు నెలలు లాక్కొస్తే చాలు. ఈలోగా కొత్త మిశ్రమంలోనే పుట్టి, దానికే అలవాటైన వేళ్లు ఓ నాలుగు రావాలి. కింద రాసిందంతా ఆ నాలుగు వేళ్ల కోసమే. మొక్కలన్నీ ఇంట్లో, తూర్పు కిటికీ దగ్గర ఉండేవి. బాల్కనీ లెక్కలు వేరు.

ముందు వేరు సంగతి. చెట్టు మీద పెరిగే దేన్నయినా బదనిక అనేయడం మనకు అలవాటు గానీ, ఫెలనాప్సిస్ చెట్టు రసం తాగదు. ఆగ్నేయాసియా అడవుల్లో మానుని పట్టుకుని వేలాడుతుంది, వానకి తడుస్తుంది, గాలికి ఆరుతుంది. దాని వేరు మీద స్పాంజిలాంటి తెల్లటి తొడుగు ఉంటుంది, పేరు వెలమెన్. అవి చచ్చిన కణాలే. నీళ్లు తగలగానే పీల్చుకుంటాయి, అప్పుడు లోపలి పచ్చదనం పైకి కనబడుతుంది. ఆరితే మళ్లీ వెండిరంగు. తొడుగు రోజుల తరబడి నీళ్లతో నిండి ఉంటే లోపలున్న బతికిన భాగానికి గాలి అందదు. ఊపిరాడక చస్తుంది. ఫంగస్ వచ్చి వేరు చచ్చింది అంటుంటారు. చాలాసార్లు వేరు చచ్చాకే ఫంగస్ వస్తుంది. మందు పోసినా కుళ్లు ఆగకపోవడం అందుకే.

వేరు పొడవు పెరిగేది కొన దగ్గర మాత్రమే. ఆకుపచ్చగానో, ముదురు ఎరుపుగానో మెరిసే ఆ చిన్న ముక్క విరిగితే ఆ వేరు ఇక సాగదు. ఓపిక ఉంటే వెనక నుంచి పక్కవేరు వేస్తుంది, దానికి ఇంకో నెల పడుతుంది.

హైదరాబాద్‌లో ఈ పనికి మంచి కాలం జూన్ మూడో వారం నుంచి ఆగస్టు చివరిదాకా. తొలకరి పడ్డాక గాలిలో తేమ పెరిగి, ఇంట్లో పగలు 29, 30 డిగ్రీలు, రాత్రి 25 దగ్గర నిలబడే రోజులవి. అప్పుడు మార్చిన మొక్కకి మూడు నుంచి అయిదు వారాల్లో కొత్త కొన కనబడుతుంది. పూలు రాలేది ఫిబ్రవరి, మార్చిలో కాబట్టి చాలామంది అప్పుడే మార్చేస్తారు. వేళ్లు కుదురుకునేలోపే ఏప్రిల్ ఎండలు వస్తాయి, మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కిందికి పడిపోతుంది, ఆకులు తోలుబెల్టుల్లా వేలాడతాయి. ఫిబ్రవరి సగంలోపు చేయగలిగితే చేయండి, మార్చి వచ్చేసిందంటే జూన్ దాకా ఆగడమే మేలు. డిసెంబరు, జనవరిలో బయట రాత్రి 13, 14 డిగ్రీలకి దిగినప్పుడు కిటికీ గట్టు గ్రానైటు చల్లగా అయిపోతుంది. దాని మీద తడి కుండీ పెడితే వేరు కదలకపోగా ఉన్నదీ పోతుంది. కుళ్లు మొదలైన మొక్కకి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. కుండీలోంచి పుల్లటి వాసన వస్తున్నా, నీళ్లు పోస్తున్నా ఆకులు ముడతలు పడుతున్నా ఏ నెలైనా సరే, ఆ వారమే తీయాలి.

నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కొన్నా, కాలనీ నర్సరీలో కొన్నా ఫెలనాప్సిస్ ఎక్కువగా ఒకే తీరులో వస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ, అందులో గట్టిగా కుక్కిన స్ఫాగ్నం మాస్. దాని నడిమధ్యన పిల్లమొక్కగా ఉన్నప్పుడు చుట్టిన మాస్ ఉండ, కొన్నిట్లో ఒక చిన్న జాలీ బుట్ట కూడా ఉంటుంది. పైన మాస్ కరకరలాడుతున్నా ఆ ఉండ వారం దాటినా తడిగానే ఉంటుంది. పైన మాత్రమే విప్పి, నడి ఉండని అలాగే వదిలి బెరడులో పెట్టడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మూడు నెలలకి చూస్తే చుట్టూ బెరడు ఎండి, మధ్యలో మొదలు కుళ్లి ఉంటుంది.

కుండీతో సహా గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెడితే మాస్ వదులవుతుంది. నానిన వేరు వంగుతుంది కూడా, పొడి వేరైతే పుటుక్కున విరుగుతుంది. నడి ఉండని ట్వీజర్‌తో చిటికెడు చిటికెడు లాగాలి. జాలీ బుట్టని గోళ్లు తీసే కట్టర్‌తో ముక్కలు చేసి తీయాలి. వేళ్లకి అతుక్కుపోయిన నాలుగు మాస్ పోగులు ఉంటే ఉండనివ్వండి, వాటి కోసం వెలమెన్ ఊడబెరకొద్దు. తర్వాత ఒక్కో వేరునీ చేతివేళ్ల మధ్య నొక్కి చూడాలి. రంగుని నమ్మకూడదు. గోధుమరంగులో ఉన్నా గట్టిగా ఉందంటే మంచి వేరే, వెలుతురు తగలక, మాస్ రంగు అంటి అలా ఉంటుంది. నొక్కితే నీళ్లు కారినా, తొడుగు జారిపోయి లోపల దారం మిగిలినా అది చచ్చిన వేరు. మంచి వేళ్లు అయిదారు ఉంటే చచ్చినవన్నీ మొదలుదాకా కోసేస్తాను. మూడు కంటే తక్కువుంటే కుళ్లిన తొడుగు మాత్రం లాగేసి, లోపలి దారాలు నాలుగైదు సెంటీమీటర్లు ఉంచుతాను. అవి నీళ్లు పీల్చవు గానీ మొక్క ఊగకుండా పట్టుకుంటాయి.

మొక్కకో కొత్త బ్లేడు వాడాలి. స్పిరిట్‌తో తుడిస్తే ఫంగస్‌కి సరిపోతుందేమో గానీ, సింబీడియం మొజాయిక్ లాంటి వైరస్‌లు రసం అంటిన బ్లేడుతోనే ఒక మొక్క నుంచి ఇంకోదానికి పోతాయి, వాటికి మందు లేదు. మొదలు కింద నల్లగా ఎండిన మోడు ఉంటే తెల్లటి కండ కనబడేదాకా చెక్కేయాలి. కింది ఆకులు రాలిపోయిన చోట ఎండు పొరలు మిగిలి ఉంటాయి, వాటిని గోటితో ఒలిచేయాలి. కొత్త వేళ్లు పుట్టేది సరిగ్గా ఆ పొరల వెనకే. పొర ఉంటే లోపలే మెలితిరిగి ఆగిపోతాయి. కింది ఆకు పచ్చగా ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. కుండీ మార్చిన నెలలో అడుగు ఆకు ఒకటి పసుపుపచ్చగా మారడం మామూలే, మొక్క అందులోని సరుకుని వాడుకుంటోంది.

కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దమని అందరూ చెబుతారు. మొదలు మీద గాటు పడితే అద్దండి. వేళ్ల మీద చల్లితే మంచి వేరునీ ఎండగొట్టేస్తుంది, అదే దాని గుణం. పసుపు అద్దినా నష్టం లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుస నురగ వచ్చి ఏదో జరుగుతున్నట్టు ఉంటుంది, ఆ నురగలో వేరు కొన కూడా పోతుంది. కుళ్లు ఎక్కువగా ఉన్న మొక్కకి మాత్రం కార్బెండజిమ్ 12 శాతం, మాంకోజెబ్ 63 శాతం కలిసిన పొడి లీటరుకి 2 గ్రాములు కలిపి, వేళ్లు 10 నిమిషాలు ముంచి తీస్తాను. ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. చేతికి గ్లవ్స్ ఉండాలి, వంటింటి సింకు దగ్గర ఆ పని చేయొద్దు. తర్వాత నీడలో మూడు నాలుగు గంటలు ఆరబెట్టాలి. వేళ్లు వెండిరంగుకి తిరిగాకే కుండీలో పెట్టడం.

మిశ్రమం విషయంలో కొలతలు చెప్పుకోవాలి. 10 సెంటీమీటర్ల కుండీకి సుమారు అరలీటరు మిశ్రమం పడుతుంది. నేను వాడేది పది పాళ్లలో ఆరు పైన్ బెరడు, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల ముక్కలు. రెండు పాళ్లు కట్టెబొగ్గు, ఒక పాలు కొబ్బరి డొక్క ముక్కలు, ఒక పాలు తరిగిన మాస్. ఎండాకాలం ముందే మార్చాల్సి వస్తే మాస్ రెండు పాళ్లు చేసి బొగ్గు ఒకటి తగ్గిస్తాను.

కొత్త బెరడు నీళ్లని తోసేస్తుంది. పొడిగా వేసి పైనుంచి నీళ్లు పోస్తే పక్కల నుంచి కారిపోతాయి, ముక్క లోపల ఎండుగానే ఉంటుంది, మొక్క దాహంతో ఉంటుంది. మరిగిన నీళ్లు పోసి ఒక రోజంతా నానబెడితే ముక్కలు బరువెక్కి మునగడం మొదలుపెడతాయి, అప్పుడు పనికొచ్చినట్టు. కొబ్బరి డొక్కలో ఉప్పు ఉంటుంది. మూడు రోజులు, రోజూ నీళ్లు మార్చి నానబెట్టాలి. నీళ్లలో కరిగిన లవణాలని కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే వంపిన నీళ్లలో పెట్టి చూడండి, మొదటి రోజు అంకె చూస్తే ఎందుకు కడగమంటున్నానో తెలుస్తుంది. చివరి రాత్రి లీటరుకి 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ వేసి నానబెట్టి మళ్లీ కడిగితే పట్టుకున్న సోడియం కూడా వదులుతుంది. బొగ్గు ఇస్త్రీ బండివాళ్లు వాడే కట్టెబొగ్గే సరిపోతుంది, బార్బెక్యూ కోసం అచ్చులు పోసిన ఉండలు వద్దు, వాటిలో జిగురు కలుపుతారు. పొడి జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. బోరు నీళ్లు తప్ప వేరే దిక్కు లేనివాళ్లు బొగ్గు మానేయడమే మంచిది, నీళ్లలో ఉప్పంతా అది దాచిపెట్టుకుంటుంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. మా బోరు నీళ్లకి మీటరు 900 పైన చూపిస్తుంది. ఆ నీళ్లు రెండు నెలలు పోస్తే వేళ్ల మీద తెల్లటి పొక్కు కడుతుంది, కొనలు నల్లబడి ఆగిపోతాయి. గేటెడ్ కమ్యూనిటీల్లో ఇంకో చిక్కు ఉంది: సాఫ్టెనర్ ప్లాంటు నీళ్లు. బకెట్టుకి మరకలు పడవు, సబ్బు బాగా నురగొస్తుంది, మొక్క మాత్రం చస్తుంది. అక్కడ కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడతారు, మీటరులో అంకె తగ్గదు. ఏసీ నుంచి కారే నీళ్లు దాదాపు డిస్టిల్డ్ నీళ్లలాంటివి, వాడుకోవచ్చు. సీజన్ మొదట్లో మొదటి రెండు బకెట్లు పారబోయండి, కాయిల్ మీద దుమ్మంతా అందులోనే ఉంటుంది. సర్వీసింగ్ చేయించిన వారం కూడా పట్టొద్దు. వాన నీళ్లు అన్నిటికంటే మేలు. ఆర్వో నీళ్లు కూడా సరే, కానీ అందులో కాల్షియం ఉండదు, ఎరువుతో ఇవ్వాలి.

ఇక కుండీ. వేళ్లని ఒక గుప్పిట్లో చేర్చి పట్టుకుంటే అవి పట్టేంత కుండీ చాలు. ఆకుల సైజు చూసి కొనకూడదు. రెండు అడుగుల ఆకుల వెడల్పు ఉన్న మొక్కకి వేళ్లు మూడే ఉంటే దానికి 8 సెంటీమీటర్ల కప్పే. పెద్ద కుండీలో మధ్య భాగం ఆరదు, దాన్ని తాగే వేరు అక్కడికి ఇంకా చేరలేదు. బేగంబజారులో దొరికే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు బాగా పనికొస్తాయి. కాల్చిన సాల్డరింగ్ ఐరన్‌తో అడుగున ఎనిమిది, పక్కన కింది సగంలో ఆరు రంధ్రాలు, ఒక్కోటి పెన్సిలు పట్టేంత. ఆ పొగ పీల్చకుండా బాల్కనీలో చేయండి. పారదర్శకంగా ఉండాలని ఎందుకంటే వేరు రంగు, లోపలి తడి కంటికి కనబడాలి. పూలకుండీలో దించి అందంగా పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ అడుగున నీళ్లు నిలిచాయేమో రోజూ ఎత్తి చూడాలి. రోజూ ఎవరూ చూడరు, అందుకే నేను పెట్టను.

అడుగున రెండు మూడు థర్మోకోల్ ముక్కలు, ఇంకో నిలువు ముక్క నడి మధ్యన, బొటనవేలంత. వేళ్లు ఆ ముక్క చుట్టూ పరుచుకునేలా మొక్కని దించి, మిశ్రమం కొంచెం కొంచెంగా వేస్తూ కుండీని పక్కన తట్టాలి. పుల్లతో పొడిచి కుక్కితే కనబడని చోట వేళ్లు విరుగుతాయి. అడుగు ఆకు మిశ్రమం మట్టానికి సరిగ్గా పైన ఉండాలి. మొవ్వు పూడిపోతే కుళ్లుతుంది. మొదలు మరీ పైకి తేలితే కొత్తగా మొలిచిన వేరు పొడి గాలి తగిలి అరసెంటీమీటరు దగ్గరే ఆగుతుంది. ఇంటి పొడి గాలికి నేను చేసే ఉపాయం ఒకటుంది. మొదలు చుట్టూ, ఆకు మట్టలకి తగలకుండా, వేలిమందం తడి మాస్ ఒక కంకణంలా వేస్తాను. వేరు మొలిచే చోట తేమ ఉంటుంది, అది పొడవై మిశ్రమంలోకి దిగాక కంకణం తీసేస్తాను. వానాకాలంలో అవసరం లేదు.

దీని తర్వాతి పనిని చాలామంది మర్చిపోతారు, నా లెక్కలో ఎరువుకంటే, మందుకంటే ఇదే ముఖ్యం. మొక్క కదలకూడదు. కిటికీ గాలికి, నీళ్లు పోసేటప్పుడు, పనిమనిషి గట్టు తుడిచేటప్పుడు ఆకు కదిలినప్పుడల్లా మొదలు ఊగుతుంది, అప్పుడే మిశ్రమంలోకి దూరుతున్న మెత్తటి కొన బెరడు ముక్కకి రాసుకుని నలుగుతుంది. బయటికి ఏమీ తెలియదు, వేళ్లు ఎందుకో రావడం లేదనుకుంటాం. వెదురు పుల్ల ఒకటి కుండీ అంచుకి ఆనుకునేలా అడుగుదాకా గుచ్చి, మొదలుని పాత నూలు గుడ్డ పీలికతో ఎనిమిది అంకెలా కట్టాలి. పరీక్ష ఏమిటంటే, మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా ఎత్తితే కుండీ కూడా లేవాలి. మొక్క ఒక్కటే కదిలిందంటే మళ్లీ కట్టండి.

మిశ్రమం ఎటూ నాని ఉంది కాబట్టి వెంటనే నీళ్లు పోయను. వారం ఆగమని కొందరు చెప్పేది చల్లటి, తేమ ఉన్న ఊళ్ల లెక్క. ఇక్కడ వానాకాలంలో నాలుగైదు రోజులు, ఎండల్లో రెండు రోజులు చాలు, గాట్లు ఆరిపోతాయి. మొదటి పది రోజులు వెలుతురు తక్కువ ఉండాలి. కిటికీ నుంచి మూడు నాలుగు అడుగులు లోపలికి, ఫోనులో లక్స్ (వెలుతురు కొలత) చూస్తే 4,000, 5,000 దగ్గర. ఆ తర్వాత మెల్లగా 10,000 దాకా తేవచ్చు. తూర్పు కిటికీలో ఎనిమిదింటిలోపు ఎండ పరవాలేదు, తర్వాత పల్చటి తెర ఉండాలి.

నీళ్లు ఎన్ని రోజులకోసారి అని అడుగుతారు. రోజుల లెక్క ఇక్కడ పనిచేయదు, జూలైలో వారం పట్టేది మేలో రెండు రోజులకే ఆరిపోతుంది. వంటింటి త్రాసు వాడండి. నీళ్లు పోసి, కారడం ఆగాక కుండీ తూచి పుల్ల మీద రాసుకోవాలి. నా 10 సెంటీమీటర్ల కుండీ ఒకటి తడిగా 330 గ్రాములు, ఆరినప్పుడు 235. అది 250కి వచ్చిన రోజు నీళ్లు పోస్తాను, పూర్తిగా ఎండేదాకా ఆగను. కొత్త వేళ్లు వచ్చేదాకా మొక్కకి నిల్వ తక్కువ. త్రాసు లేకపోతే అగరుబత్తి పొడవు వెదురు పుల్ల మధ్యలోకి గుచ్చి పది నిమిషాలాగి తీసి చెంపకి ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. గోడకి తగిలిన వేళ్లు వెండిరంగులో ఉన్నంత మాత్రాన పోసేయొద్దు, గోడ దగ్గర ఆరాక మధ్యలో ఆరడానికి ఇంకో రోజు పడుతుంది.

పోసేటప్పుడు అరలీటరు దాకా ధారగా పోసి అంతా కారిపోనివ్వాలి. రెండు చెంచాలు పోయడం, ఐసు ముక్కలు పెట్టడం వల్ల పైపొరే తడుస్తుంది. పొద్దున పూటే పోయాలి, మొవ్వులో పడితే టిష్యూతో అద్దేయాలి. మే నెలలో మధ్యాహ్నం కుళాయి తిప్పి నేరుగా పోయొద్దు. మిద్దె మీద ట్యాంకులో నీళ్లు చేయి పెట్టలేనంత వేడెక్కి ఉంటాయి, ఒక్కసారికే కొనలు ఉడికిపోతాయి. ముందురోజు రాత్రి బకెట్లో పట్టి ఉంచినవే చలికాలానికీ, ఎండాకాలానికీ పనికొస్తాయి.

తేమ గురించి అందరూ పగటి సంగతే చూస్తారు. ఫెలనాప్సిస్ ఆకు రంధ్రాలు ప్రధానంగా తెరుచుకునేది రాత్రి. బ్రహ్మజెముడు జాతి మొక్కల్లాగా రాత్రి గాలి పీల్చి పగలు వంట చేసుకుంటుంది. అంటే నీళ్లు పోగొట్టుకునేదీ ఎక్కువగా రాత్రే. మనం ఏసీ వేసుకునేది ఆ టైములోనే, ఏసీ గాలిలో తేమని పిండేస్తుంది. పగలంతా తడి గుళకరాళ్ల పళ్లెంలో పెట్టి మురిపెంగా చూసుకుని, రాత్రి ఏసీ గదిలో ఉంచితే ఉపయోగం ఏముంది? వేళ్లు లేని మొక్కకి ఆ దెబ్బ మొదట తగులుతుంది. ఏప్రిల్, మేలో మొక్కని హాల్లోకో, కూలర్ ఉన్న గదిలోకో మార్చండి. ఆర్కిడ్‌కి ఏసీ కంటే కూలర్ వెయ్యి రెట్లు నయం, గాలి నేరుగా కొట్టకుండా ఓ మూల పెడితే చాలు. రోజూ స్ప్రే కొట్టడం వల్ల పది నిమిషాల తేమ, మొవ్వులో నీళ్లు, ఆకుల మీద మచ్చలు తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఎరువుకి తొందర లేదు. కొత్త కొన సెంటీమీటరు పొడవు కనబడేదాకా ఉత్త నీళ్లే. ఆ తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు పావు టీస్పూను అయిదు లీటర్ల నీళ్లకి, అంటే లీటరుకి పావు గ్రాము పైచిలుకు. ఇందులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది, మట్టి లేని బెరడులో అది వేరుకి అందేది మెల్లగా. అందుకని ఒకసారి ఇది, మరోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకి 0.3 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాములు. 19:19:19నీ, కాల్షియం నైట్రేట్‌నీ ఒకే సీసాలో చిక్కగా కలపొద్దు, ఫాస్ఫేటు తెల్లగా గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది. నాలుగోసారి ఉత్త నీళ్లతో బాగా కడగాలి. సముద్రపు నాచు రసం లీటరుకి 1 మి.లీ., రెండు వారాలకోసారి ఇస్తే వేరు మొలకకి కొంత సాయం చేస్తుంది. మంచిదే కదా అని మోతాదు పెంచితే కొనలు బొద్దుగా, పొట్టిగా తయారవుతాయి. గులాబీ కొమ్మల కోసం అమ్మే రూటింగ్ పౌడర్ దీనికి పూయొద్దు. బియ్యం కడిగిన నీళ్లు, అరటితొక్కల నీళ్లు బెరడులో పులుస్తాయి, వారంలో చిన్న నల్ల దోమలు లేస్తాయి.

అన్నీ సరిగ్గా జరిగినా కొన మాయమయ్యే సందర్భం ఒకటుంది. నిన్న పచ్చగా ఉన్న కొన పొద్దున చూస్తే కొరికేసినట్టు ఉంటుంది. కారణం బొద్దింక, లేదంటే వడ్లగింజంత నత్త. రాత్రి పదకొండింటికి టార్చి వేసి చూస్తే దొరుకుతాయి. కుండీని అంచుదాకా నీళ్లలో 20 నిమిషాలు ముంచితే నత్తలు, చీమలు పైకి వస్తాయి. ఆ తర్వాత స్టాండు కాళ్లకి నీళ్ల గిన్నెలు పెట్టడం, అన్నం గిన్నెకి చీమలు పట్టకుండా చేసే పాత పద్ధతే. చీమలు వస్తున్నాయంటే ఆకు మట్టల సందుల్లో పిండినల్లి ఉందేమో చూడాలి. తెల్లగా, గెంతే చిన్న పురుగులు మిశ్రమంలో ఉంటే భయం లేదు, అవి కుళ్లిన చెత్త తింటాయి. తెల్లటి బూజు దారాలు బెరడు ముక్కలని గుత్తులుగా కట్టేసి, నీళ్లు పీల్చనివ్వకపోతే మాత్రం మిశ్రమం మార్చక తప్పదు.

కొన ఎండి గోధుమరంగులో కుచించుకుపోతే గాలి పొడి లేదా ఉప్పు. కొన నల్లగా, మెత్తగా అయితే తడి ఎక్కువ. వేళ్లు కుండీ వదిలి గాల్లోకి పోతుంటే లోపల ఏదో నచ్చలేదని కాదు, ఆ మొక్క స్వభావమే అంత. వాటిని బలవంతంగా లోపలికి వంచొద్దు.

ఒక్క వేరూ మిగలని మొక్కకి కుండీ, బెరడు ఏవీ వద్దు. పిండితే చుక్క కారనంత మాస్ ఒక గుప్పెడు పారదర్శకమైన కవరు అడుగున వేసి, మొదలు దానికి తగిలీ తగలనట్టు మొక్కని నిలబెట్టి, కవరు మూతి కట్టేయాలి. ఎండ చుక్క కూడా పడని వెలుతురు, 24 నుంచి 28 డిగ్రీలు. మూడు రోజులకోసారి మూతి విప్పి పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి, మొవ్వు తడిగా ఉంటే తుడవాలి. ఆరు నుంచి పది వారాలు పట్టొచ్చు. జూలై, ఆగస్టులో ఇది బాగా పనిచేస్తుంది, మేలో అదే కవరు ఇడ్లీ పాత్ర అవుతుంది.

ఇంకో రకం ఆర్కిడ్, డెండ్రోబియం పద్ధతి వేరు. దానికి కొత్త వేళ్లు కొత్త పిలకకే వస్తాయి. పిలక రెండంగుళాలు లేచి, దాని మొదట్లో వేరు బుడిపెలు కనబడుతున్నప్పుడు మారిస్తే పది రోజుల్లో అందుకుంటుంది. పిలక లేనప్పుడు మారిస్తే నెలల తరబడి అలాగే ఉంటుంది. బొగ్గు, ఇటుక ముక్కలు చాలు.

జూలైలో మార్చిన ఫెలనాప్సిస్‌కి సెప్టెంబరు చివరికి కుండీ గోడకి ఆనుకుని రెండు మూడు కొత్త వేళ్లు కనబడాలి, బాగున్న వేరు వారానికి అరసెంటీమీటరు నుంచి సెంటీమీటరు సాగుతుంది. అప్పుడు కట్టు విప్పి చూడొచ్చు. నవంబరులో రాత్రులు చల్లబడగానే, వేళ్లు చాలకపోయినా, మొక్క పూకాడ వేస్తుంది. వేలితొడుగులాంటి మొన ఉండి పైకి తిరిగితే పూకాడ, నున్నగా గుండ్రటి మొన ఉంటే వేరు. కొత్త వేళ్లు మూడు కంటే తక్కువ ఉంటే ఆ కాడని రెండంగుళాల దగ్గరే కోసేస్తాను. ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.